నీలీబేల్ పూసిందని చెప్పాను

"పూసింది ఫుప్పూ" అన్నాను.

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకొని, బఘారా బైంగన్ కోసం వంకాయలకు నాలుగు గాట్లు పెడుతున్నాను. అది చలికాలం. అవతల ఫుప్పు గొంతు ఆ రోజు అసలు బాగాలేదు. పొద్దుటి నుంచి మోకాళ్ళు సలుపుతున్నాయట. నమాజు కుర్చీలో కూర్చొనే చదవాల్సి వస్తున్నదట. ఆ గొంతు కొంచెం తేలిక పడితే చాలనిపించింది, అంతే. నోరు జారింది.

"నిజంగానా? ఎంత పూసింది?"

"మస్తు పూసింది. గుత్తులు గుత్తులు. డాబా అంతా ఒకటే వాసన."

ఆమె తాపీగా, "అట్లనా బేటీ. అయితే రంజాన్ పండుగ అయినాక వస్తా. నా కండ్లతోని చూస్తా" అంది.

చేతిలో కత్తి జారింది. నాలుగు గాట్ల వంకాయ రెండు ముక్కలైంది.

ఫుప్పు అంటే మా అబ్బాకు అక్క, నాకు మేనత్త. మేము మాట్లాడుకునేది దక్కనీలో. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఎందుకంటే నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. ఇప్పుడు శ్రీనగర్ కాలనీలో కూతురి దగ్గర ఉంటుంది. అక్కడ లిఫ్టు ఉంది. మేమున్నది అమీర్‌పేటలో, మూడంతస్తుల ఇంటి డాబా మీద. అద్దెకిచ్చేవాళ్ళు దీన్ని పెంట్‌హౌస్ అంటారు. రెండు గదులు, రేకుల వంటిల్లు, నీళ్ళ ట్యాంకు, బోలెడంత ఆకాశం. అల్లా దయ, గాలికి లోటు లేదు. లిఫ్టు లేదు. కిందినుంచి పైకి యాభై నాలుగు మెట్లు.

మూడేళ్ళుగా ఫుప్పు ఒకే మాట మీద ఉంది. "నీలీబేల్ పూసిన రోజు చెప్పు, ఎట్లన్న చేసి ఎక్కుతా. ఆకులు చూడటానికైతే నా మోకాళ్ళు రావు."

నీలీబేల్ మూడేళ్ళుగా ఆకులే వేస్తున్నది. ఒక్క పువ్వు పూయలేదు. ఇప్పుడా మోకాళ్ళతో ఆమె యాభై నాలుగు మెట్లు ఎక్కి వచ్చేది నేను ఫోనులో పూయించిన పూలు చూడటానికి.

నీలీబేల్ అని మా ఇంట్లో పిలుచుకునే పేరు, నీలం తీగ అని. అసలు పేరేమిటో ఎవరూ చెప్పలేకపోయారు. మా ఆయనకు మైత్రీవనం దగ్గర జిరాక్సు షాపు ఉంది. అక్కడ కంప్యూటర్లో వెతికి, ఇంగ్లీషులో దీన్ని ఆలుగడ్డ తీగ అంటారట అని కనిపెట్టుకొచ్చాడు. నాకు నచ్చలేదు. ఆలుగడ్డ ఎక్కడ, ఇది ఎక్కడ! పూస్తే అరచేయంత గుత్తులు కిందికి వేలాడతాయి. విచ్చిన రోజు ముదురు వంగపండు రంగు, తెల్లవారితే కొంచెం పలచన, మూడో రోజుకు ఉతికి ఉతికి వెలిసిన దుపట్టా రంగు. ఒకే గుత్తిలో మూడు రంగులూ ఉంటాయి. మధ్యలో పసుపు పచ్చటి బొట్టు.

ఆ తీగ పంజాగుట్టలో ఫుప్పు వాళ్ళ రెండు గదుల ఇంటి ముందు, గేటు మీద ఇనుప కమాను పట్టుకొని పాకి ఉండేది. దాని కింద అరుగు. నేను చదువుకున్న బడి ఆ అరుగే. అసలు బడి మెయిన్ రోడ్డు అవతల ఉండేది. నన్ను రోడ్డు దాటించే మనిషి దొరకలేదు. అబ్బా పొద్దున్నే పనికి పోయేవాడు, అమ్మీ చేతిలో ఎప్పుడూ ఒక చంటిది ఉండేది. వచ్చే ఏడు చేర్పిద్దాం, వచ్చే ఏడు చేర్పిద్దాం అనుకుంటుండగానే నాకు పద్నాలుగేళ్ళు వచ్చేశాయి. ఆ లోపల ఫుప్పు అరుగు మీద అరబ్బీ అక్షరాలు అయ్యాయి, ఉర్దూ అయింది, కూడికలు తీసివేతలు అయ్యాయి. తెలుగుకు మాత్రం పుస్తకం లేదు. కిరాణా దుకాణంలో కందిపప్పు, చక్కెర పొట్లం కట్టిచ్చిన పాత పేపర్లను ఫుప్పు చేత్తో సాపు చేసి ముందర పెట్టేది. ఆమె కూడా అట్లాగే నేర్చుకుందట. అందుకే నేను చదివిన మొదటి తెలుగు వాక్యం సగమే ఉంటుంది. మిగతా సగం ఇంకెవరి ఇంటి చక్కెరకో చుట్టుకొని పోయింది.

బడికి పోలేదని నాకెప్పుడూ దిగులు లేదు. ఆ నీడ కింద కూర్చున్నందుకు ఇప్పటికీ శుకర్ చెప్పుకుంటాను. సాయంత్రం ఎండ దిగేవేళ ఆకుల సందుల్లోంచి పలక మీద వెలుతురు చుక్కలు పడేవి. మల్లె వాసనలాంటి వాసనొకటి కమ్మగా వచ్చేది. పిల్లలం తొమ్మిది మందిమి, అక్కచెల్లెళ్ళం, పక్కిళ్ళ వాళ్ళం. తీగకు కింది వైపు చిన్న వంకర ముళ్ళుంటాయి, వాటితోనే పట్టుకొని పైకి పాకుతుంది. లేచి నిలబడితే దుపట్టా పట్టి లాగేది. చేయి ఎత్తి ఒక కొమ్మ తుంచబోతే ఫుప్పు పుస్తకం మీంచి కళ్ళు ఎత్తకుండానే అనేది:

"పచ్చగా ఉన్న కొమ్మ అల్లాను తలుచుకుంటుంటది. అవసరం లేకుండా దాని తస్బీహ్ ఆపొద్దు."

ఆ మాట నా లోపల అట్లా కూర్చుండిపోయింది. కరివేపాకు రెబ్బ తుంచేటప్పుడు కూడా ఇప్పటికీ మనసులో మాఫ్ చేయమని అడుగుతాను. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ.

తరువాత ఆ ఇంటి స్థలం బిల్డరుకు పోయింది. ఇల్లు పడగొట్టే వారం ముందు ఫుప్పు మూడు కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. "గింజ కట్టేది కాదు ఇది. కొమ్మ నాటితేనే బతుకుతది. ఇంక ఎవరి దగ్గరా లేదు, చూసుకో" అంది. రెండు ఎండిపోయాయి. మూడోది బతికింది.

బతకడమా! ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో మట్టి నింపి నాటాను. ఏడాదికి పిట్టగోడ దాటింది. రెండో ఏడు ట్యాంకు మెట్లు పట్టుకుంది. మూడో ఏడు ట్యాంకును పూర్తిగా కప్పేసి, బట్టలారేసే తీగ మీదికి వచ్చి, మా ఆయన లుంగీని ముళ్ళతో పట్టుకొని ఇవ్వనంది. డాబా మీద నిలబడితే దూరంగా మెట్రో రైలు పంజాగుట్ట వైపు పోవడం కనబడుతుంది. తీగ కొన కూడా అటువైపే తిరిగి ఉండేది. పుట్టింటి మీద గాలి మళ్ళిందేమో అనుకునేదాన్ని.

నేను దానికి చేసిన సేవ తక్కువేమీ కాదు. పిట్టగోడ పక్కన ఒక నల్లా ఉంది. మేమిద్దరం నమాజుకు ముందు వజూ చేసుకునేది, అంటే చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కునేది, అక్కడే. ఆ నీళ్ళు మోరీలో కలవడం నాకు ఇష్టం లేదు. పంజాగుట్టలో కూడా వజూ నీళ్ళు సన్నటి కాలువ వెంట తీగ మొదట్లోకే పోయేవి. అందుకని సగానికి చీల్చిన పైపు ఒకటి పెట్టి నల్లా కింది నీళ్ళు డ్రమ్ములోకి పోయేట్టు చేశాను. తీగకు నీళ్ళ కరువు లేదు, నాకు నీళ్ళు వృథా చేసిన పాపం లేదు. ఎంత బాగా కుదిరిందో అని ప్రతి పూటా మురిసిపోయేదాన్ని.

అబద్ధం చెప్పిన రోజు మధ్యాహ్నం అన్నం దగ్గర మా ఆయనకు సంగతి చెప్పాను. రెండు ముక్కలైన వంకాయ ఆయన పళ్ళెంలోనే వేశాను.

"నువ్వా? అబద్ధమా?" అన్నాడు, ముద్ద నోటి దగ్గర ఆపి. "పాలోడు పది రూపాయలు ఎక్కువిస్తే మూడంతస్తులు దిగి వెనకకిచ్చి వస్తవు నువ్వు!"

"ఇప్పుడేం చేయాలె చెప్పండి."

"ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు."

అది నాకూ తెలుసు. సాయంత్రం ఫోను చేశాను కూడా. నేను నోరు తెరవకముందే ఫుప్పు అందుకుంది. "బేటీ, ఈ రోజు మా అపార్ట్‌మెంట్ల ఐదు మెట్లు ఎక్కి దిగిన. కసరత్తు చెప్పే డాక్టరమ్మ చెప్పింది, దినాం కొన్ని పెంచుకుంట పోతే పండుగ వరకు మీ ఇల్లు ఎక్కొచ్చునట."

ఆ గొంతులో సలుపు లేదు. ఉత్సాహం ఉంది. నేను "మాషా అల్లా" అని ఫోను పెట్టేశాను. వారం తరువాత మళ్ళీ చేశాను. "ఎనిమిది" అంది. ఆ తరువాత "పన్నెండు". ఆమె మెట్లు పెరుగుతున్నాయి, నా అబద్ధం బరువు కూడా వాటితోపాటే పెరుగుతున్నది. నిజం చెబితే ఆ మెట్లు ఆగిపోతాయేమో అని ఒక భయం, చెప్పకపోతే ఆమె పైకి వచ్చి ఆకులు చూసి నిలబడే ఘడియ ఎట్లుంటదో అని ఇంకో భయం. మిగిలింది ఒకటే దారి. పండుగ లోపల తీగ పూయాలి.

నా మొర విన్నది మొదట కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనరక్క. ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయో చూడటానికి పైకి వచ్చింది. వాళ్ళది వ్యవసాయం చేసిన కుటుంబం. ఆమె ఇప్పటికీ పట్నంలో ఇల్లు కట్టిన రైతులాగే నడుస్తుంది, చేతులు వెనక్కి పెట్టుకొని, మొక్కలను చూస్తూ.

"ఏంది చెల్లె, గీ తీగ నా ట్యాంకును సుత మింగింది గదా?"

"పూస్తలేదు అక్కా."

ఆమె ఒక ఆకు తెంపింది. నా గుండె చివుక్కుమంది. వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. "గిది వంగ జాతి. మా ఊర్ల రెండెకరాలు వంకాయ పెట్టేటోళ్ళం, నాకు తెల్వదా? కాయలు కాస్తదా? కూరొండుకోవచ్చునా?"

"కాయదు అక్కా. ఆకు గానీ పువ్వు గానీ నోట్ల పెట్టొద్దు, మంచిది కాదని మా ఫుప్పు చెప్పేది. చేతులు కడుక్కోండి."

"అంటే తినరాదు, పూయదు. మంచిదాన్నే వెట్టుకున్నవ్." అని డ్రమ్ములో వేలు దూర్చింది. వేలికి బురద అంటింది. "నీళ్ళు ఎన్నిసార్లు పోస్తవ్?"

"నేను పొయ్యను. వజూ నీళ్ళే పోతయి."

"ఎన్నిసార్లు?"

"ఐదు పూటలు."

"ఐదు పూటలు! నా మనుమరాలికి సుత ఐదు పూటలు అన్నం వెట్టం గదనే!"

"మనుషులం ఇద్దరమే అక్కా, చెరొక చెంబుడు..."

"అయితే పది పూటలు." ఆమె కొంగుతో వేలు తుడుచుకుంది. "భూమిల అయితే కిందికి ఇంకుతుండె. గిది డబ్బా. ఇన్ని నీళ్ళు, ఇంత తిండి దొర్కుతుంటే దానికి పూసే అవసరమేమున్నది? కోసెయ్యి. మోకాలెత్తు వరకు కొయ్యి. ముదిరిన వంగతోటను మేం గట్లనే కోస్తం. నీళ్ళు ఆపి కొన్ని దినాలు ఎండబెట్టి, కన్ను పగిలి చిగురు వెట్టినాక మళ్ళ జర జర ఇడిస్తే, కొత్త కొమ్మకు పూత."

"నీళ్ళు ఎట్ల ఆపాలె? నమాజు ఆపుమంటవా?"

"నమాజెందుకు ఆపుతవ్ తల్లీ? పైపు తిప్పు!"

పైపు అదే రోజు తిప్పాను. పక్కనున్న పుదీనా, కరివేపాకు కుండీల వైపు పెట్టాను. అది కష్టం కాలేదు. కోత కష్టమైంది. ట్యాంకంత పచ్చదనం. ఎన్ని ఆకులో, ఎన్ని కొమ్మలో, అన్నీ తలుచుకుంటూ ఉన్నాయనే కదా నేను నమ్మేది. అవసరం లేకుండా కోయొద్దు అన్నది ఫుప్పు. ఇక్కడ అవసరం ఎవరిది? తీగదా? అబద్ధం నాది, శిక్ష దానికా? రోజూ సాయంత్రం అసర్ నమాజు అయ్యాక దాని ముందు నిలబడి, రేపు కోస్తాలే అనుకొని లోపలికి వచ్చేదాన్ని. రెండు వారాలు అట్లాగే గడిచాయి.

ఫుప్పు ఇరవై నాలుగు మెట్లకు వచ్చింది.

ఆ మరుసటి ఆదివారం ఓనరక్క కొడవలితో పైకి వచ్చింది. "నువ్వు కోస్తవా, నన్ను కొయ్యమంటవా?"

"నేనే కోస్త అక్కా" అన్నాను. ఇంకొకరి చేతికివ్వడం ఇంకా తప్పనిపించింది.

మా ఆయన పక్కన నిలబడి చూస్తున్నాడు. నేను కొడవలి పట్టుకొని నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో ఏమో, "బక్రీదుకు మేక ముందర సుత ఇంతసేపు నిలబడలేదు కదా నువ్వు" అన్నాడు.

బిస్మిల్లా అని మొదటి కోత కోశాను. ఆ తరువాత చేతులు వాటంతటవే నడిచాయి. ట్యాంకు మీంచి తీగను లాగుతుంటే ముళ్ళు జబ్బలు గీశాయి, దుపట్టా రెండు చోట్ల చిరిగింది. లోపల మా ఆయన పోయిందనుకున్న తువ్వాలు ఒకటి, పక్క హాస్టలు ఆడపిల్లలది కావచ్చు ఒక గులాబీ రంగు రిబ్బను దొరికాయి. సాయంత్రానికి డ్రమ్ములో మోకాలెత్తు కర్రలు నాలుగు మిగిలాయి. కింద కుప్పగా పడ్డ ఆకుల పక్కన కూర్చొని, ఆ కర్రలకు నీడ లేదని నాకే ఎండ తగిలినట్టయింది. ఓనరక్క మాత్రం నడుము మీద చెయ్యి వేసుకొని, "ఇగ ట్యాంకు కనవడ్తున్నది" అని సంతోషపడింది.

పదిహేను రోజులు ఏమీ లేదు. రోజూ తెల్లవారుజామున ఫజర్ నమాజు అయ్యాక వెళ్ళి చూసేదాన్ని. కర్రలు కర్రలుగానే ఉన్నాయి. ఉన్న ఒక్కదాన్నీ చంపేశాననుకున్నాను. ఫుప్పు నా చేతిలో పెట్టిన మూడింటిలో చివరిది. ఆ రోజుల్లో దువాలో నేను పువ్వులు అడగడం మానేశాను. ఒక్క ఆకు చాలు అన్నాను.

పదహారో రోజో పదిహేడో రోజో, ఒక కణుపు దగ్గర ఆవగింజంత పచ్చదనం కనిపించింది. చూపు తప్పేమో అని కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాను. ఉంది. అక్కడే సజ్దా చేశాను, డాబా నేల మీద. నుదుటికి మన్ను అంటుకుంది. లోపలికి వెళ్తే మా ఆయన "పూసిందా?" అన్నాడు. "కన్ను తెరిచింది" అన్నాను.

రంజాన్ నెల మొదలయ్యేసరికి నాలుగు కర్రల మీద పదకొండు చిగుళ్ళు. ఓనరక్క చెప్పినట్టు రెండు రోజులకొక చెంబు, అంతే. ఉపవాసం విప్పే ముందటి ఆ కాసేపు నాకు దాని దగ్గరే గడిచేది. ఒక చేతిలో ఖర్జూరం, ఇంకో చేత్తో చిగుళ్ళను తాడు మీదికి మళ్ళించడం. ఓనరక్క కర్బూజా ముక్కలు పట్టుకొని పైకి వచ్చేది. మాతో పాటు అజాన్ వరకు ఆగి, మేము తిన్నాకే ఆమె తినేది. "నాకేం ఉపాసం లేదు గని, మీ ముందర నోరాడియ్యబుద్ధి గాదు" అనేది. ఇట్లాంటి ఇంటి ఓనరు దొరికినందుకు నేను ఎన్ని శుకరానా నమాజులు చదివినా తక్కువే.

పండుగ వచ్చింది. చిగుళ్ళు నా భుజం దాటాయి. ఆకులు నిగనిగలాడుతున్నాయి. మొగ్గ లేదు.

"బేగంబజార్ల ప్లాస్టిక్ పూలు కిలోల లెక్కన దొర్కుతయి" అన్నది ఓనరక్క, షీర్ ఖుర్మా గిన్నె నాకుతూ.

మా ఆయన ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆ రాత్రి షాపు నుంచి వస్తూ పెద్ద కాగితం చుట్ట తెచ్చాడు. విప్పితే నీలీబేల్ పూల కలర్ ప్రింటు. గోడంత. "ట్యాంకుకు అంటిద్దాం. ఫుప్పుకు దూరం చూపు ఆనదు కదా?"

నవ్వు ఆపుకోలేకపోయాను. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళలో కొన్ని నవ్వువి కావు.

పండుగ అయిన వారానికి, ఆదివారం, పొద్దున పది గంటలకు ఆటో ఆగింది. తెల్ల చున్నీ, చేతి సంచీ, ఒక కర్ర. కూతురు కింద దించేసి, సాయంత్రం వస్తానని చెప్పి వెళ్ళిపోయింది. ఓనరక్క మొదటి అంతస్తు మలుపులో ఒక కుర్చీ, రెండో మలుపులో ఒక కుర్చీ వేయించి ఉంచింది. ఫుప్పు మెట్లు ఎక్కే తీరు చూస్తూ వెనకే ఎక్కాను. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కర్ర మీద, మెట్టుకొక బిస్మిల్లా. పద్దెనిమిది ఎక్కి మొదటి కుర్చీలో కూర్చుంది. ఓనరక్క నీళ్ళిచ్చింది.

"మీరేనా అమ్మా తీగవాళ్ళు? మీ కోడలు ఇంత మంచిది గని..." అని మొదలుపెట్టింది ఓనరక్క. మేనకోడలు అని ఆమె ఉద్దేశం. నేను కళ్ళతోనే బతిమాలాను. "...గని జర బక్కగున్నది" అని సర్దింది.

ఇంకో పద్దెనిమిది. రెండో కుర్చీలో కూర్చున్నప్పుడు ఫుప్పు చున్నీ కొసతో మెడ తుడుచుకుంది. మోకాలి మీద అరచేయి పెట్టి మెల్లగా రుద్దుకుంటున్నది. పైన ఇంకా పద్దెనిమిది మెట్లున్నాయి. నేను ఆమె ముందు మెట్టు మీద కూర్చున్నాను, పంజాగుట్ట అరుగు మీద కూర్చున్నట్టే.

"ఫుప్పూ, ఇంక పైకి రాకండి. పూయలేదు. ఒక్కటి కూడా పూయలేదు. ఆ రోజు మీకు అబద్ధం చెప్పిన. మాఫ్ చేయండి."

ఫుప్పు రుద్దుకోవడం ఆపలేదు.

"తెలుసు" అంది.

"తెలుసా? ఎప్పటినుంచి?"

"ఆ రోజు నుంచే. డాబా అంత వాసన అన్నవు చూడు, అప్పుడే తెలిసింది. ఆ పువ్వుకు వాసన ఎక్కడిది?"

"మరి ఆ అరుగు మీద రోజూ సాయంత్రం వచ్చే వాసన?"

"మోతియా మల్లె. గోడ అవతల పక్కింటోళ్ళది."

ముప్పై ఏళ్ళకు పైగా ఆ వాసనను ఈ పువ్వుకు అంటగట్టి మోస్తున్నాను నేను!

"తెలిసి కూడా ఎందుకు వచ్చిండ్రు? ఇన్ని నెలలు మెట్లెక్కి..."

"నువ్వే చెప్తవని చూసిన. రెండో అంతస్తు దాకా ఆగినవు" అని నా నెత్తి మీద ఒకటి మొట్టింది. నొప్పి లేదు. "మూడేండ్లు పూయలేదంటే కోయడం తెలియక అని అర్థమైంది. ఫోన్ల చెప్తే నువ్వు కొయ్యవు. అందుకే వచ్చిన." సంచీలో చెయ్యి పెట్టి గుడ్డలో చుట్టిన పెద్ద కత్తెర తీసింది. పిడులకు పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. "ఇగ పద, ఇంక పద్దెనిమిదే గదా."

పైకి వచ్చాక డ్రమ్ము చూసి ఆగింది. కొత్త కొమ్మలు, కింద నాలుగు కోసిన మొదళ్ళు.

"కోసినవా!"

"కోసిన. ఓనరక్క చెప్పింది. కానీ ఫుప్పూ, పచ్చటి కొమ్మ తస్బీహ్ చేస్తుంటుంది అని మీరే కదా..."

"చేస్తది. అది నిజమే." ఆమె ఒక కణుపును బొటనవేలితో తడుముతున్నది. "అవసరం లేకుండా అని కూడ అన్న గదా, అది మరిచినవా? మీరు తొమ్మిది మంది, పద్దెనిమిది చేతులు. ఆ మాట చెప్పకుంటే తీగ మిగులుతుండెనా? ప్రతి చలికాలం మీకు రెండు దినాలు సెలవు ఇయ్యకపోతుంటినా, చుట్టాలింటికి పోతున్న అని?"

గుర్తొచ్చింది. సెలవు అయ్యాక వస్తే అరుగు మీద బాగా వెలుతురుండేది. చలికి ఆకు రాలిందనుకునేవాళ్ళం.

"చుట్టాలింటికి పోలేదా మీరు?"

"నిచ్చెన ఎక్కుతుంటి" అంది ఫుప్పు. అని, నా వైపు చూడకుండా, "అది సుత అబద్ధమే అనుకో" అంది.

ఆ మాటకు మా ఆయన లోపలి నుంచి గట్టిగా నవ్వాడు. గోడంత కాగితం ఆయన మంచం కింద దాచి ఉంది.

ఆ పూట ఆమె తన కత్తెరతో రెండు సన్న కొమ్మలు తీసేసింది. ఇక్కడ ఒక కణుపు ఎక్కువ ఉంచావు, అక్కడ తక్కువ ఉంచావు అని తప్పులు పట్టింది. పాత పేపరు మీద రాసిన అక్షరాలు దిద్దినట్టే ఉంది. "వానలు పడనీ. తొందర పెట్టకు" అంది. బఘారా బైంగన్ తిన్నది. ఓనరక్కతో వంకాయ పుచ్చుల గురించి గంటసేపు మాట్లాడింది. పోతూ కత్తెర నా దగ్గరే వదిలిపెట్టింది.

మొదటి వానలు పడ్డ తరువాత ఒక పొద్దున, ట్యాంకు మెట్ల దగ్గర ఒక కొమ్మ కొన బరువుతో వంగి ఉంది. ఆకుల చాటున గుత్తి. పన్నెండు మొగ్గలు, రెండు విచ్చాయి. ముదురు వంగపండు రంగు, మధ్యన పసుపు. గుత్తిని ముక్కు దగ్గరికి పెట్టి వాసన చూశాను. రెండోసారి కూడా చూశాను. అప్పుడు ఫోను చేశాను.

"పూసింది ఫుప్పూ."

"ఎంత?"

"ఒకటే గుత్తి. రెండు పూలు విచ్చినయి."

"వాసన?"

"ఏం లేదు. ముక్కు ఆనించి చూసిన. ఏ వాసనా లేదు."

"అయితే వస్తా" అంది ఫుప్పు. "రేపు మీ ఓనరక్కను కుర్చీలు వెయ్యమను."